నది మీద ప్రమాణం

ఓర్విల్ టాకెట్ చచ్చేలోపు అతని నోటి నుంచి ఒక్క మాట, ప్రమాణం మీద, రాబట్టాలి. నాకు కావలసింది అంతే.

నా భార్య ఓపల్ కారును వేలీ రోడ్డు గేటు దగ్గర రైలు గుద్దింది. ఆమె పోయాక నేను కేసు వేశాను. గేటు దిగే ఉందనీ, దిగిన గేటును చుట్టి ఆమే పట్టాల మీదికి దూరిందనీ రైలు కంపెనీ కోర్టుకు రాసిచ్చింది. ఓపల్ నాలుగు వైపులా ఒక్క బండీ లేని కూడలిలో కూడా ఎర్రదీపం ముందు ఆగేది. పచ్చదీపం వచ్చాక కూడా అటూ ఇటూ చూసి గానీ కదిలేది కాదు. పక్కన కూర్చున్న నాకు విసుగు పుట్టేది. అలాంటి మనిషిని గేటు దూరిందన్నారు. ఊళ్ళో కొందరు నమ్మారు కూడా. వాళ్ళెవరో నాకు తెలుసు.

ఆ గేటు బాగోగులు చూసేవాడు టాకెట్. గేటు దిగిందో లేదో చెప్పగలిగినవాడు అతనొక్కడే. ప్రమాదం తర్వాత ఉద్యోగం మానేసి, నది దాటి, అక్క ఇంట్లో చేరాడు. నదికి ఇవతల మాది వెస్ట్ వర్జీనియా. అవతల ఒహాయో, వేరే రాష్ట్రం. మా కోర్టు సమన్లు ఆ ఒడ్డున చిత్తుకాగితంతో సమానం. మా కోర్టు నుంచి ఒక ఉత్తర్వు తీసుకుని, దాన్ని అవతలి జిల్లా కోర్టులో పెట్టి, ఆ కోర్టు చేత సమన్లు పంపించేసరికి వేసవి గడిచిపోయింది. ఈలోగా టాకెట్ ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని తెలిసింది. ఆ వేసవంతా అతను బతికి ఉండాలని కోరుకున్నాను. అంత గట్టిగా అతని అక్క కూడా కోరుకుని ఉండదు. అందులో ప్రేమ లేదు.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం మా లాయరు ఐలీన్ ప్రూయిట్‌ని నా పికప్‌లో ఎక్కించుకుని పంటు మీద నది దాటాను. టాకెట్ అక్క ఇల్లు రేవుకు పైన, గట్టు మీదే.

"లోపల నోరు విప్పకండి హోబార్ట్ గారూ," అంది ప్రూయిట్. "కేసు వేసినవారు కాబట్టి కూర్చునే హక్కు మీకుంది. మాట్లాడే హక్కు లేదు."

"తెలుసమ్మా."

"ముఖం కూడా అలా పెట్టకండి."

"నాకున్నది ఈ ముఖమే."

టాకెట్ ముందుగదిలో వాలుకుర్చీలో ఉన్నాడు. ముక్కుకు గొట్టాలు, పక్కన ఆక్సిజన్ సిలిండరు. ఒకప్పుడు భుజం మీద నిచ్చెన వేసుకుని పట్టాల వెంట నడిచిన మనిషి. ఇప్పుడు చొక్కా అతన్ని తొడుక్కున్నట్టుంది. నన్ను చూసి తల వంచుకున్నాడు. నేను వంచలేదు.

అతని అక్క జెరల్డిన్ కాఫీ, పెప్పరోని రొట్టెలు బల్ల మీద పెట్టింది. కంపెనీ లాయరు లోంబార్డ్ పిట్స్‌బర్గ్ నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు. రొట్టె తిని బాగుందన్నాడు. నేను ఆ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టలేదు.

స్టెనో ట్వైలా మా ఊరి మనిషే. చిన్న యంత్రాన్ని ముక్కాలి మీద నిలబెట్టి, టాకెట్ చేత కుడిచెయ్యి ఎత్తించి, నిజమే చెబుతానని ప్రమాణం చేయించింది. ప్రూయిట్ మొదలుపెట్టింది. పేరు, ఉద్యోగం, ఏ గేట్లు నీ కింద ఉండేవి. టాకెట్ ఒక్కో జవాబుకు రెండుసార్లు ఆగి గాలి పీల్చుకుంటున్నాడు.

"ఆ వారం వేలీ రోడ్డు గేటుకు ఏమైంది?"

అతను నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. ఆగలేదు. జెరల్డిన్ వచ్చి వీపు రాసింది.

"కాసేపు ఆపండమ్మా. వాడేమైనా మర బొమ్మా?"

ఆపారు. లోంబార్డ్ కాఫీ పోసుకోవడానికి లేచి బల్ల దగ్గర నిలబడ్డాడు. ట్వైలా పెట్టె తెరిచి ఉంది. అందులో ఆమె నోటరీ ముద్ర. అతను దాన్ని చూశాడు. కప్పు కింద పెట్టాడు.

"మిసెస్ ట్వైలా, ఇది వెస్ట్ వర్జీనియా ముద్ర కదా. ఒహాయోది కూడా తెచ్చారా?"

ట్వైలా పెట్టె మూత వేసింది. ఆమె మెడ ఎర్రబారింది.

"ఉండేదండీ. మొన్న వేసవిలో గడువు అయిపోయింది. మళ్ళీ రాయించుకోవాలి…"

"అంటే ఇవాళ లేదు."

"లేదండీ."

మా వాళ్ళు మాత్రమే చేసే తప్పు అది. మాకు చర్చి ఒక ఒడ్డున, కూరగాయలు ఒక ఒడ్డున. ట్వైలా కూతురు ఈ ఒడ్డునే కాపురం చేస్తోంది. నది దాటితే వేరే రాష్ట్రంలోకి వచ్చామని మాకెవరికీ అనిపించదు. పిట్స్‌బర్గ్ వాడికి అనిపించింది.

లోంబార్డ్ తిరిగి కూర్చుని, యంత్రం ఆన్ చేయించి, తన అభ్యంతరం ట్వైలా చేతనే రాయించాడు. వెస్ట్ వర్జీనియా నోటరీకి ఒహాయో నేల మీద ప్రమాణం చేయించే అధికారం లేదు. కాబట్టి సాక్షి ఇంతవరకు ప్రమాణం చేసినట్టే కాదు. చెప్పినదేదీ వాంగ్మూలం కాదు. ట్వైలా తన అనర్హతను తానే అక్షరం పొల్లుపోకుండా కొట్టింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మీరు ఒప్పుకుంటే సరిపోతుంది," అంది ప్రూయిట్. "ఈ ప్రమాణం చెల్లుతుందని ఇద్దరం అనుకుంటే చాలు. ఎక్కడైనా అందరూ చేసే పనే."

"నా క్లయింటు ఒప్పుకోదు."

"అడగకుండానే చెప్పేస్తున్నారే?"

"సోమవారం పెట్టుకుందాం ఐలీన్. నేనేం పారిపోతున్నానా."

గదిలో అందరూ టాకెట్ వైపు చూశారు. అతను గొట్టం సర్దుకున్నాడు.

"సోమవారానికి నేను ఉంటే అందరికన్నా ముందు నేనే ఆశ్చర్యపోతాను," అన్నాడు.

జెరల్డిన్ ఒహాయో నోటరీ కోసం ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. బ్యాంకు మూసేశారు. ఇన్సూరెన్సు ఆయన కొలంబస్‌లో ఫుట్‌బాల్ ఆటకు పోయాడు. బండ్ల కాగితాలు రాసే ఆవిడ ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది.

"ఆట ఉన్న శనివారం ఈ జిల్లాలో పాడె మొయ్యడానికి కూడా మనుషులు దొరకరు," అంటూ ఫోను పెట్టేసి, లోంబార్డ్ మీద పడింది. "ఏమయ్యా, మా తమ్ముడు అబద్ధం చెబుతాడని కదా నీ భయం? చెయ్యి ఎత్తి దేవుడి పేరు చెప్పాడు. దేవుడికి కూడా ఈ రాష్ట్రం, ఆ రాష్ట్రం ఉన్నాయా?"

"ఉన్నాయో లేవో నాకు తెలీదమ్మా. కోర్టులకు ఉన్నాయి."

"నేల మీద మాట సరే. నీళ్ళ సంగతేమిటి? మా పిల్లలు రేవులో గాలం వేస్తే లైసెన్సు అడిగేది ఆ ఒడ్డు వెస్ట్ వర్జీనియా గార్డులు. నది అంతా వాళ్ళదేనట. ఈ గట్టు కింద నీళ్ళ అంచుదాకా!"

ఆమె తిట్టడానికే అంది. ప్రూయిట్ రాసుకుంటున్న కలం ఆగిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. పంటు రేవులో ఉంది.

"పంటు వాణ్ణి ఆగమని చెప్పాలి," అంది.

లోంబార్డ్ ఒక్క క్షణంలో అర్థం చేసుకున్నాడు. "నోటీసులో ఈ ఇంటి అడ్రసు ఉంది."

"ఇప్పుడు కొత్త చోటు చెబుతున్నాను, నది మీద. అక్కడ ట్వైలా ముద్ర చెల్లుతుంది. రండి. రాకపోతే మీ ఇష్టం. మీ అభ్యంతరం అక్కడ కూడా రాయిస్తాను."

అతను ఆమెతో వాదించలేదు. టాకెట్ ముందు వంగి కూర్చుని, చాలా మెత్తగా మాట్లాడాడు.

"మిస్టర్ టాకెట్, మీ మేలు కోరి చెబుతున్నాను. మీకు వచ్చిన సమన్లు ఈ జిల్లా కోర్టువి. అవి ఈ జిల్లాలోనే చెల్లుతాయి. మిమ్మల్ని ఆ పంటు ఎక్కమనే అధికారం ఏ జడ్జికీ లేదు. ఈ కుర్చీలో కూర్చునే హక్కు మీకుంది."

అది నిజం. ప్రూయిట్ కాదనలేదు. లోంబార్డ్ కంపెనీ వాళ్ళకు ఫోన్ చేయాలని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ప్రూయిట్ పంటును ఆపడానికి మెట్లు దిగి పరిగెత్తింది.

గదిలో టాకెట్, అతని అక్క, ట్వైలా, నేను మిగిలాం. సిలిండరు సన్నగా బుసకొడుతోంది. బయట పంటు ఇంజను చప్పుడు వినిపిస్తోంది. అది వెళ్ళిపోతే మళ్ళీ గంటకు గాని రాదు.

"హోబ్," అన్నాడు టాకెట్.

నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఊళ్ళో తక్కువ.

"నువ్వు ఒక్కమాట చెబితే ఎక్కుతాను."

"ఏం మాట?"

"క్షమించానని."

జెరల్డిన్ నా వైపు చూసింది. ట్వైలా యంత్రం వైపు చూసింది. దాని మీద ఆమె చేతులు లేవు.

ఆ మాటకు రెండు క్షణాలు చాలు. ఆ మాట చెబితే ఓపల్ మీద వాళ్ళు వేసిన మచ్చ పోతుంది. ఇంత చిన్న అబద్ధం చెప్పనివాడు ఉంటాడా అని తర్వాత చాలామంది అడిగారు. నాకు గుర్తున్నదల్లా, అతని మెడ మీద నరం కొట్టుకోవడం, ఓపల్ చెప్పులు ఇంకా మా వెనక గుమ్మంలో ఉండడం.

"లేదు," అన్నాను.

"అబద్ధానికైనా అనవా?"

"అనను. నువ్వు చేసింది నువ్వు చేశావు. అది చెప్పాలనుంటే రా. నా దగ్గర కొనుక్కుందామని అయితే కూర్చో."

"దుర్మార్గుడా!" అంది జెరల్డిన్. "చావబోతున్నవాడితో అనే మాటేనా అది? నీ పెళ్ళాం ఉంటే సిగ్గుపడేది."

"ఉంటే నేను ఇక్కడికి వచ్చేవాణ్ణి కాదు."

టాకెట్ కళ్ళు మూసుకున్నాడు. నేను ఓడిపోయాననుకున్నాను. పికప్ తాళాలు జేబులోంచి తీశాను. ఖాళీగా తిరిగి వెళ్ళి, ఆ గేటు దాటి, ఇంటికి చేరాలి. మిగిలిన రోజులన్నీ ఊళ్ళో వాళ్ళ ముఖాలు చూడాలి. కింద పంటు కూత వేసింది.

"జెరీ," అన్నాడు టాకెట్ కళ్ళు తెరవకుండా. "నా బూట్లు తే."

"నీకేమైనా పిచ్చా ఒరే!"

"బూట్లు తేవే."

ఆమె ఏడుస్తూ తెచ్చింది. తిడుతూనే మోకాళ్ళ మీద కూర్చుని తొడిగింది. అప్పుడే లోంబార్డ్ వంటింట్లోంచి వచ్చాడు. టాకెట్ కాళ్ళకు బూట్లు చూశాడు. నన్ను చూశాడు. ఏదో జరిగిందని అతనికి తెలిసింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు.

నేను సిలిండరు మోశాను. టాకెట్ తన అక్క భుజం పట్టుకుని మెట్లు దిగాడు. అతన్ని పికప్‌లో నా పక్కన, ఓపల్ కూర్చునే చోట, కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇంకో చోటు లేదు. పికప్‌ను పంటు మీదికి ఎక్కించాను. ప్రూయిట్ పంటు నడిపే సరంగుతో మాట్లాడింది. అతను తాడు విప్పి, పంటును ఒడ్డుకు దూరంగా లాగి, ఇంజను నెమ్మది చేసి, ప్రవాహానికి ఎదురుగా నిలబెట్టాడు.

"ఎక్కువసేపు ఆపలేనమ్మా," అని అరిచాడు. "పైనుంచి బొగ్గు బార్జీలు వస్తున్నాయి. వాటికి అడ్డం ఉంటే మనం ప్రమాణం చేసేది దేవుడి ముందే!"

ట్వైలా మడత కుర్చీ వేసుకుని టాకెట్ తలుపు పక్కన కూర్చుంది. గాలికి యంత్రంలోని కాగితపు పట్టీ లేచిపోతుంటే మోకాలితో అదిమింది. టాకెట్ తెరిచిన కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు. ఆమె మళ్ళీ ప్రమాణం చేయించింది. లోంబార్డ్ అభ్యంతరం చెప్పాడు. ట్వైలా రాసింది. ప్రూయిట్ పైపై ప్రశ్నలు వదిలేసి నేరుగా వచ్చింది.

"ఆ వారం వేలీ రోడ్డు గేటుకు ఏమైంది?"

"రైలు లేకుండా దిగుతుండేది. దిగితే లేచేది కాదు. బండ్లు ఆగిపోయేవి. జనం కంపెనీకి ఫోన్లు చేశారు."

"మీరేం చేశారు?"

"సూపర్వైజరుకు చెప్పాను. మనుషుల్ని పంపాలి, రోడ్డు మూయాలి అన్నాను." గాలి పీల్చుకున్నాడు. "సోమవారం పంపుతాను, ఈలోగా గేటు పక్క పెట్టెలో వైరు ముక్క వేసి గేటు లేపి ఉంచమన్నాడు."

"వైరు ముక్క వేస్తే?"

"రైలు వచ్చినా గేటుకు తెలీదు."

"వేశారా?"

"వేశాను."

"ఓపల్ స్కీన్స్ పట్టాల మీదికి వచ్చినప్పుడు ఆ గేటు దిగి ఉందా?"

"లేదు. దిగలేదు. దీపం కూడా వెలగలేదు."

అదే మాట. నాకు కావలసింది అదొక్కటే. ట్వైలా వేళ్ళు కదిలి ఆగాయి. అది కాగితం మీద పడింది. నేను ఊపిరి వదిలాను. అక్కడితో ఆపితే బాగుండేది. కాని ప్రూయిట్ అడగాల్సింది ఇంకా ఉంది.

"ఇన్‌స్పెక్టర్లు చూసినప్పుడు పెట్టెలో వైరు లేదు. ఎవరు తీశారు?"

"నేనే."

"ఎప్పుడు?"

టాకెట్ నా వైపు తిరగలేదు. అద్దంలోంచి నీళ్ళను చూశాడు.

"అంబులెన్సు రాకముందు. మా ఇల్లు దగ్గరే. చప్పుడు విని పరిగెత్తాను."

"కారు దగ్గరికి వెళ్ళారా?"

"ముందు పెట్టె దగ్గరికి వెళ్ళాను."

ప్రూయిట్ నా ముఖం చూసింది. ఇంకేం అడగలేదు. స్టీరింగు మీద నా చేతులు ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచాను. ఒక్క మాట మాట్లాడినా, ఒక్క వేలు లేపినా, ఆ కాగితం మీద నా పేరు ఎక్కుతుంది, సాక్షిని భయపెట్టానని లోంబార్డ్ రాయిస్తాడు. అతని భుజం నా భుజానికి తగులుతోంది. అతని గొట్టం నా మోకాలి మీదుగా పోతోంది. వేలు పెట్టి మడిస్తే చాలు. ఎగువన బార్జీ కూత వినిపించింది.

"త్వరగా!" అని అరిచాడు సరంగు.

లోంబార్డ్ నా వైపు కిటికీ దగ్గరికి వచ్చి, నా మీదుగా అడిగాడు. ఆ వైరును వేరెవరైనా చూశారా. లేదు. సూపర్వైజరు మాట కాగితం మీద ఉందా. లేదు. కంపెనీ మీద కోపం ఉందా. ఉంది. ఒక్కో జవాబూ కంపెనీకి పనికొచ్చేదే. టాకెట్ పెదాలు నీలంగా మారాయి. తర్వాత లోంబార్డ్ అసలు ప్రశ్నకు వచ్చాడు.

"మీకు ఈ పంటు ఎక్కాల్సిన బాధ్యత లేదని నేను చెప్పాను కదా?"

"చెప్పారు."

"నేను వంటింట్లో ఉన్నప్పుడు మీరూ మిస్టర్ స్కీన్సూ మాట్లాడుకున్నారు."

"అవును."

"ఆయన్ని మీరు ఏమైనా అడిగారా?"

"అడిగాను."

"ఏమడిగారు?"

"క్షమించానని చెప్పమన్నాను. చెబితేనే ఎక్కుతానన్నాను."

లోంబార్డ్ కిటికీ మీద చెయ్యి వేశాడు. అతని గొంతులో మర్యాద ఇంకాస్త పెరిగింది.

"మరి ఆయన ఆ మాట ఇచ్చాడు. మీరు ఎక్కారు. అంతేనా?"

"ఇవ్వలేదు. లేదన్నాడు."

ట్వైలా వేళ్ళు కొట్టాయి. లోంబార్డ్ అక్కడ ఆపేయాల్సింది. కాని పెదవి మీదికి వచ్చేసిన ప్రశ్న జారిపోయింది.

"మరి ఎందుకు ఎక్కారు?"

టాకెట్ చాలాసేపు గాలి కోసం పాకులాడాడు.

"గేటు దిగలేదు కాబట్టి," అన్నాడు.

లోంబార్డ్ కిటికీ నుంచి చెయ్యి తీశాడు. ఇక ప్రశ్నలు లేవన్నాడు. సరంగు ఇంజను జోరు పెంచి పంటును ఒడ్డుకు తిప్పాడు. బార్జీలు మా వెనకగా పోతుంటే వాటి అలకు పికప్ ఊగింది. సిలిండరు పడకుండా పట్టుకున్నాను. పట్టుకోకుండా ఉంటే ఏమయ్యేదని ఆలోచించాను. పట్టుకున్నాను.

టాకెట్‌ను గట్టు మీదికి చేర్చి, కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేశాను. మంగళవారం పోయాడు. అంత్యక్రియలకు నేను వెళ్ళలేదు.

వసంతంలో విచారణ జరిగింది. లోంబార్డ్ అభ్యంతరాన్ని జడ్జి కొట్టేశాడు. నది మాదే, ప్రమాణం చెల్లుతుందన్నాడు. చనిపోయిన సాక్షి మాటల్ని కోర్టులో ఎవరో ఒకరు బోనులో కూర్చుని చదవాలి. ప్రూయిట్ ఆఫీసులో పనిచేసే ఒకాయన నెక్‌టై కట్టుకుని కూర్చుని, ప్రశ్నలు ఆమె చదువుతుంటే జవాబులు తాను చదివాడు. సరుకుల చిట్టా చదువుతున్నట్టు చదివాడు. "లేదు. దిగలేదు. దీపం కూడా వెలగలేదు." "ముందు పెట్టె దగ్గరికి వెళ్ళాను." జ్యూరీలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గేటు దిగలేదు కాబట్టి," అన్న చివరి జవాబు కూడా అదే గొంతుతో చదివాడు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మంచినీళ్ళు తాగాడు.

దిగిన గేటును ఓపల్ స్కీన్స్ చుట్టి వెళ్ళిందా అన్న ప్రశ్నకు జ్యూరీ లేదని రాసింది. ఊళ్ళో నమ్మినవాళ్ళు ఇప్పుడు మేమెప్పుడూ నమ్మలేదంటున్నారు. వాళ్ళెవరో నాకు ఇంకా తెలుసు.

కోర్టు వరండాలో జెరల్డిన్ నా కోసం నిలబడి ఉంది. నల్లకోటు, చేతిలో పర్సు.

"నీకు కావలసింది వచ్చింది కదా," అంది. "వాడు అంత బాధపడి ఇచ్చాడు. వాడు పోయాడు. ఇప్పుడైనా అనవయ్యా. నేను వింటాను. వాడి తరఫున."

"అంబులెన్సు రాకముందు అన్నాడు. నువ్వు విన్నావు కదా."

"విన్నాను."

"అప్పటికి ఓపల్ బతికే ఉంది. ఆస్పత్రి కాగితాల్లో ఉంది."

ఆమె మెట్ల దగ్గర పక్కకు జరిగింది.

నేను టోపీ పెట్టుకుని మెట్లు దిగాను. పికప్‌లో కూర్చుని, అక్టోబరు నుంచి పక్క సీటు మీదే పడి ఉన్న ఆమె తమ్ముడి ఆక్సిజన్ గొట్టం తొడుగును కిటికీలోంచి పారేసి, బండి తీశాను.